కెప్టెన్ రామాంజుల పగటినిద్రా సంగ్రామము

వినుడు, పగలంతయు మేల్కొని రాత్రియంతయు గుర్రుపెట్టి నిద్రించు పుణ్యాత్ములారా! పెన్నానదీతీరమున, నదిలో నీరున్నను లేకున్నను నగలకొట్లలో తళుకు తరుగని ప్రొద్దుటూరను మహాపట్టణమున, మార్తాండుడు బండలను కాల్చుట చాలక బట్టతలలను వెదకి వెదకి కాల్చు వైశాఖమాసమున, ఇడ్లీబండ్ల ఆవిరియు ఆటోల బూరలును ఏకకాలమున లేచు ప్రాతఃకాలమున, లోకులందరును పక్కలు చుట్టిపెట్టి పళ్ళు తోముకొనుచుండగా, ఒకే ఒక్క వీరుడు పక్క పరచుకొని, పడకగది తలుపు మూసికొని, మహాయుద్ధమునకు సన్నద్ధుడయ్యెను. ఆ యుద్ధమున అతడు గెలువదలచిన రాజ్యము నిద్ర.

ఎవడా వీరుడందురా? రాజేశ్వరమ్మ గర్భాబ్ధిచంద్రుడు, సాహితీహృదయేశ్వరుడు, నిశాసంచారసార్వభౌముడు, గగనసరుకువాహనధురంధరుడు, కెప్టెన్ రామాంజులు! సరుకును సంస్కృతముతో కలిపి సమాసము చేయరాదని పండితులు కన్నెర్ర చేయుదురేమో. సరుకు విమానమే ఎక్కినప్పుడు సమాసమెక్కిన వచ్చిన నష్టమేమి? వారి కోపము వారి యింటనే ఉండనిండు.

జనులెక్కు విమానములను నడపువారు వేరు. మన వీరుడు నడపునది మూటలెక్కు విమానము. సెల్‌ఫోనులు, మందుపెట్టెలు, గులాబీకట్టలు, అట్టపెట్టెలలో కిచకిచలాడు కోడిపిల్లలు, ఎవరో ఎవరికో పంపిన చెప్పులజతలు, ఇవి అతని ప్రయాణికులు. మూటలకు నిద్రతో పని లేదు గనుక అవి రాత్రులందే ప్రయాణించును. వానితోపాటు రామాంజులును. లోకము ముసుగు తన్నునప్పుడు అతడు మేఘములను చీల్చుకొని బెంగళూరునుండి ఢిల్లీకి, ఢిల్లీనుండి కలకత్తాకు ఎగిరి, కోడి కూయు వేళకు నేల దిగును. ఈ సంగతి వీధివారికి చెప్పి చెప్పి రాజేశ్వరమ్మకు నోరు నొచ్చెను.

"మనుషులెక్కని ఇమానం ఏం ఇమానం రాజమ్మా?" అని కొళాయికాడ అమ్మలక్కలు అడుగుదురు.

"లారీ అనుకో. రెక్కలుండే లారీ. మావోడు దానికి డ్రైవరు" అని ఆ తల్లి తేల్చివేయును.

కెప్టెన్ బిరుదము అంతటితో గాలికి కొట్టుకొనిపోవును. అయినను రామాంజులు నొచ్చుకొనడు, ఏలయన ఆ మాటలో పెద్ద తప్పేమియు లేదు.

అయితే పుణ్యాత్ములారా, రాత్రిని పగలు చేసికొని బ్రతుకువానిని దేహమూరక విడుచునా? నడిరేయి ఆకలికి సమోసాలు, తెల్లవారుజాము కునుకుకు విరుగుడుగా చాయ్‌మీద చాయ్, పగలు హోటలుగదిలో ముక్కలుముక్కలైన నిద్ర. ఇట్లు కొన్నేండ్లు గడచుసరికి వీరుని నడుము విశాలమయ్యెను, నెత్తురు ఉరకలు వేయ నేర్చెను. ఆకాశమున ఉరుములకు బెదరని ఆ ధీరుని నేలమీద ఒక రబ్బరుపట్టీ బెదరించెను. బెంగళూరున పైలట్లకు జరుగు వైద్యపరీక్షలో ఆ పట్టీ అతని దండచేతిని చుట్టుకొని, బుస్సుమని ఉబ్బి, బీపీ హద్దు దాటినదని చాటెను. కొద్దిదినములలో మరల పరీక్షకు రమ్మనిరి. ఆ పరీక్షయందును హద్దు దాటినచో విమానము ముట్టరాదనిరి.

రామాంజులునకు భయము వేసెను. వీరగాథ మర్యాద కోసమని నేనీ మాట దాచను. అతనికి విమానము నడపుట తప్ప మరియొక పని రాదు, నేర్వవలెనన్న కోరికయు లేదు. రన్‌వే చివర ముక్కు పైకెత్తు ఆ క్షణమున కడుపులో కలుగు చల్లదనమును అతడు భార్యకు సైతము సరిగా చెప్పలేకపోయినాడు. అది పోవునేమోనన్న తలపే అతని నిద్రను ఇంకొంత తినివేసెను.

వైద్యుడు మంచివాడు. "రాత్రి డ్యూటీ మనిషివి. సెలవులోనూ పగలే నిద్రపో, శరీరంలో గడియారం తారుమారు చేయొద్దు. ఒకే పట్టున పడుకోవాలి. నూనె, ఉప్పు, తీపి తగ్గించు. ఇంటికి పోయి కమ్మగా ఇంటి తిండి తిని నిద్రపో" అని ఉపదేశించెను. పాపము, ఆయన ప్రొద్దుటూరు ఎరుగడు.

ఇక వీరుని రణసన్నాహము వినుడు. వీరుని భార్య, పతివ్రతాశిరోమణి, బడిపంతులమ్మ, వేసవి సెలవులలోనున్న సాహితి కిటికీలకు మందపాటి దుప్పట్లు కట్టి సూర్యకిరణసేనకు కోటగోడ లేపెను. కూలరు శంఖమువలె గుయ్యిమని పూరించెను. రామాంజులు చెవులలో దూది, కన్నులకు నల్లపట్టీ, మొలకు లుంగీ ధరించి, తలగడను చంకనిడి, మంచమును అధిరోహించి, మనసులో ఇట్లు ప్రార్థించెను:

"ఓ నిద్రాదేవీ! నీకై చాయ్ త్యజించితిని, సమోసా త్యజించితిని, ఫోను నోరు నొక్కితిని. సప్తద్వీపములు నాకు వలదు, సింహాసనములు వలదు. పొద్దుటి ఇడ్లీ మొదలు సందెదీపము వరకు ఒక్కపట్టున నన్ను నీ ఒడిని ఉంచుము. నీవు కరుణించినచో ఆకాశము నాది. నీవు కరుణింపనిచో, తల్లీ, నేను మునుపటివలె లేచి ఎగురుట కల్ల!"

దేవి కరుణించినది. కన్ను మూతపడినది. సరిగా ఆ సమయముననే వీథిలో అనర్థము మొదలైనది.

ఏమి జరిగినదనగా, కాయగూరల బండికాడ ఎవరో "మీవోడు వచ్చినాడంట, కనపడడేం?" అని అడుగగా, రాజేశ్వరమ్మ ఉన్నమాటయే చెప్పెను. "పండుకోనుండాడమ్మా" అనెను. పొద్దెక్కిన తరువాత మగవాడు పండుకొనుటా! మా సీమలో అందుకు కారణములు రెండే, జ్వరము కానిచో పెండ్లివిందు. ఆ పూట ఊరిలో పెండ్లిండ్లు లేవు. ప్రొద్దుటూరిలో పండుకున్నాడన్న మాట ఫోనెక్కి జమ్మలమడుగు చేరుసరికి పడకేసినాడని ఆయెను, పులివెందుల చేరుసరికి పైకి లేవలేకుండాడని ఆయెను.

రోగము వచ్చినదని తెలిసియు చూడరానివాడు బంధువు కాడు. వచ్చి చూచి, పలుకరింపక పోయినచో వచ్చినట్లు లెక్కయే కాదు. అందుచేత రోగి నిద్రించుచున్నచో లేపి, ఎట్లున్నదని అడిగి, నిద్ర పడుచున్నదా అని విచారించి, "ఇంక పండుకో నాయనా" అని దీవించి పోవుట మా ధర్మము. ఈ ధర్మముచేత ఎందరు రోగులు త్వరగా లేచి తిరుగసాగిరో ఎవరును లెక్కపెట్టలేదు.

మొదటి దండయాత్ర పక్కింటినుండియే వచ్చెను. అబ్దుల్ సత్తార్ చిరకాలము కువైటులో లారీ నడపి వచ్చినవాడు, ఎడారిగాలికి ఎదురుగా అరచి అరచి గుసగుసయన్నది మరచినవాడు, మనసు వెన్నపూస. ఖర్జూరపు పెట్టె చేతబట్టి, సాహితి అడ్డుపడులోపల గదిలో జొచ్చి, వీరుని భుజము తట్టెను.

"ఏం రామాంజులూ, నిద్రపోతాండావా?"

రామాంజులు నల్లపట్టీ నొసటికెత్తెను. "పోతాంటి మామా."

"పో, పో. నిద్ర శానా ముఖ్యం. కువైట్లో నాకూ ఇట్లే ఉండె. కన్ను మూతపడితే చాలు, యెవడో ఒకడు వచ్చి లేపుతాండె. ఆరోగ్యమంతా దాంతోనే పాయ."

ఇట్లు ఆరంభించి ఆ పెద్దమనిషి నిద్రాప్రాశస్త్యమును గూర్చి, నిద్రాభంగ మహాపాతకమును గూర్చి, మంచము అంచున కూర్చుండి, తనివితీర ఉపన్యసించెను. రామాంజులు ఊకొట్టెను. ఊకొట్టకున్నచో స్పృహ తప్పినదని ఇరుగుపొరుగును పిలుచునేమోనని అతని భయము.

ఆయన అటు పోయెనో లేదో, జమ్మలమడుగు బస్సు దిగి ఓబులేసు మామ విచ్చేసెను. ఈయన రాజేశ్వరమ్మకు తోడబుట్టినవాడు, రామాంజులునకు సాక్షాత్తు మేనమామ, మైలవరం జలాశయములో తెల్లవారి పట్టిన చేపలను సంచిలోనిడుకొని, అల్లుని ఆయువు ఆ సంచిలోనే ఉన్నట్లు గుండెకు హత్తుకొని వచ్చినవాడు.

"ల్యా అల్లుడా. ఏంది, ఇట్లా చిక్కిపోయినావు?" అనెను, అల్లుని విశాలమైన నడుము చూచియు.

"నూనె తినగూడదన్నారు మామా. వేపుళ్ళు వద్దన్నారు."

"చేపకు నూనె యాడిదిరా? అది నీళ్ళలో ఉండేది."

ఇంతటి తర్కమునకు ఎదురు చెప్పగల విద్య ఏ విమానశాలయందును నేర్పరు. కొంతసేపటికి వంటింట మూకుడు చుయ్యిమనెను. రాజేశ్వరమ్మ చేపలు వేచెను, అలసందవడలు కాల్చెను, ఊరిబిండి పచ్చడి నూరెను. మామ ఎదుట కూర్చుండి ముళ్ళు తీసి పెట్టుచుండగా అల్లుడు తినెను. తినక ఏమి చేయును? ఎండలో అంతదూరము చేపలు మోసికొని వచ్చిన మేనమామను నొప్పించుటకు బీపీ హద్దులో ఉన్నవానికైనను గుండె చాలదు. సాగనంపి వచ్చుసరికి పొద్దు వాలి, వీథిలో ఉల్లిగడ్డలమ్ము ఆటో మైకు పట్టుకొని వచ్చి, యుద్ధభూమిలో మిగిలిన కునుకును సైతము సంహరించి పోయెను.

సాయంకాలము సాహితి ఇంటనున్న చిన్న బీపీ యంత్రమును తెచ్చి మగని చేతికి కట్టెను. అంకెను చూచి యంత్రమును మూసివేసెను. హద్దు దాటినదని వేరుగా చెప్పనక్కరలేకపోయెను.

"అత్తా, వచ్చినోళ్ళను గుమ్మం కాడే పంపీకూడదా?" అని వంటింటికి పోయి అడిగెను.

రాజేశ్వరమ్మ మూకుడు తోముట ఆపెను. "ఎట్లా పంపీమంటావమ్మా? బాగలేదని విని ఎండలో పడి వచ్చినోళ్ళ మొగం మింద తలుపేసేదా? రేపు మనకు మంచయినా చెడయినా యెవరొస్తారు?"

"ఆయనకు బాగలేక కాదత్తా పండుకునేది. బాగుండాలని."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఊరికి తెలుసా?"

ఇద్దరును ఒకే మనిషి గురించి దిగులుపడుచుండిరి, ఇద్దరి చేతిలోను ఉపాయము లేదు. గుమ్మములో నిలిచి వినుచున్న రామాంజులు కండ్లు చెరువుగట్టు మట్టివలె ఎర్రబారి ఉండెను. తల్లి ఆ కండ్లను చూచి, చూపు తిప్పుకొని, మరల మూకుడు తోమసాగెను.

మరునాడు దైవము మరింత ప్రతికూలించెను. వీరుడు శయనించిన కొంతసేపటికే కరెంటు పోయెను. శంఖము మూగపోయెను. దుప్పట్లు కట్టిన కిటికీలు గాలినికూడ అడ్డగించి స్వపక్షద్రోహము చేసెను. గది కుమ్మరి ఆవమాయెను. చొక్కాలేక బోర్ల పండుకొనిన రామాంజులు వీపంతయు చెమటపట్టి, చెమటకాయలు లేచి, పసుపుకుంకుమలు చల్లిన గడపవలె ఎర్రబొట్లతో నిండిపోయెను. అయినను అతడు లేవలేదు, దురదను ఓర్చుకొని నిద్రను కాచుకొని ఉండెను. నిద్ర వచ్చి గుమ్మములో నిలిచినది. నిద్ర వెనుకనే పార్వతమ్మ వచ్చి నిలిచినది.

పార్వతమ్మ! రామాంజులు తండ్రికి అప్ప, పులివెందులలో ఆమె పేరు చెప్పిన పిల్లలు అన్నము మారుమాటలేక తినుదురు. పొలము తగాదాలు తీర్చినది, పెండ్లిండ్లు కుదిర్చినది, కుదిరినవి రెండు మూడు చెడగొట్టినది. ఒక చేత బత్తాయిలనబడు చీనీకాయల సంచి, మరియొక చేత బొబ్బట్లనబడు నెయ్యి కారు ఓళిగల డబ్బా ధరించి, ఆ వీరనారి తలుపు తట్టక, పిలువక, అనుమతి వేడక, గదిని ఆక్రమించి, మేనల్లుని దుప్పటి పట్టి ఒక్క లాగు లాగెను.

"ల్యారా. నేనొచ్చినా."

అని ఆగిపోయెను. సంచి నేలనుంచెను. డబ్బా నేలనుంచెను. ఆమె కంఠము తగ్గుట ఆ యింట ఎవరును అంతకు మునుపు వినియుండలేదు.

"రాజేశ్వరీ. ఇట్లా రా. వీనికి అమ్మవారు పోసింది."

పుణ్యాత్ములారా, అమ్మవారు పోయుట అనగా మీకు తెలియును. ఒంటిపై పొక్కులు లేచును, వైద్యులు దానికి ఏ పేరు పెట్టినను మా సీమలో అది తల్లి ఇంటికి వచ్చుటయే. రామాంజులు నోరు తెరచెను. ఇవి చెమటకాయలత్తా అను సత్యవాక్యము నాలుక చివరకు వచ్చెను. అంతలో రాజేశ్వరమ్మ వచ్చి, కండ్లద్దాలు సవరించుకొని, కొడుకు వీపుమీద వ్రేళ్ళు ఆనించి, మెల్లగా, పైనుండి క్రిందికి నిమిరి చూచెను. తరువాత ముందుకు వంగి అతని కండ్లలోనికి చూచెను. చాలసేపు చూచెను. అవునని అనలేదు, కాదని అనలేదు.

"సాహితీ, కొడవలి ఇయ్యమ్మా. వేపమండలు కోసుకొస్తా" అని మాత్రమనెను.

ఆహా, ఏమని వర్ణింతును ఆ వేపమండల ప్రతాపమును! గడపకు ఇరుప్రక్కల అవి వ్రేలాడినంతనే వీథి స్వభావమే మారెను. తల్లి ఉన్న ఇంటికి పరాయివారు రారాదు, వచ్చినను గడప దాటరాదు, దాటినను గట్టిగా మాటలాడరాదు. పడుకొన్నవానిని లేపరాదు, లేపినచో తల్లికి కోపము. కంచుకంఠుడైన అబ్దుల్ సత్తార్ తన ఇంటిగోడ చాటున నిలిచి, జీవితమున మొదటిసారి గుసగుసలాడ ప్రయత్నించి, సగము వీథికి మాత్రమే వినబడునట్లు "అమ్మకు దణ్ణం పెట్టుకోండి రాజమ్మా" అని చెప్పి తప్పుకొనెను. ఉల్లిగడ్డల ఆటోవాడు వేపమండలను చూచి మైకు ఆపి, బండిని చల్లగా నెట్టుకొనుచు వీథి దాటెను. వీథిపిల్లలు బంతి చంకనబెట్టుకొని వేరు వీథికి వలసపోయిరి.

అంతటితో అయినదా? తల్లి ఉన్న ఇంట పోపు వేయరాదు. నూనె కాగరాదు. చేపలు, కోళ్ళు తలపునకు రారాదు. ఉప్పు కారములు తగ్గవలె. పెరుగన్నము, పలుచని మజ్జిగ, రాగి అంబలి, ఇంకను ఏమైన పెట్టదలచినచో చీనీకాయల రసము. బెంగళూరు వైద్యుడు ఏమేమి వలదనెనో అవన్నియు అమ్మవారికిని సరిపడవని ఆ పూటనే తెలిసెను. ఓళిగల డబ్బాను పార్వతమ్మ స్వయముగా వీథిలో పంచిపెట్టి, మిగిలినవాటిని వీథి అరుగుమీదనే కూర్చుండి, ఇంటిలోనికి వాసన రాకుండ, త్యాగబుద్ధితో తాను తినెను.

అంతేకాదు, గడియముందటి శత్రుసేనాని ఇప్పుడు ద్వారపాలకురాలాయెను. కుర్చీ గడపకడ్డముగా వేసికొని, విసనకర్ర పట్టుకొని కూర్చుండెను. మధ్యాహ్నమునకు ఓబులేసు మామ, నిన్న చాలలేదేమోనన్న అనుమానముతో, మరియొక సంచెడు చేపలతో వచ్చెను.

"ఆడనే ఉండు" అని పార్వతమ్మ పలికెను.

"అల్లున్ని ఒకపారి చూసి పోతా వదినా."

"చూసేందుకు వాడేమన్నా సినిమానా? తల్లి ఉండాది ఇంట్లో. చేపలెత్తుకోని జమ్మలమడుగుకు పో."

ఓబులేసు గడపకు నమస్కరించి, వెనుకకు నడచి, వీథిమలుపువరకు వీపు చూపకుండ పోయెను. అంతటివానిని అట్లు తిప్పిపంపుట ఆ వీథిలో మరి ఏ మానవునికిని సాధ్యమయ్యెడిది కాదు.

లోపల మాత్రము ఘోరమైన అంతర్యుద్ధము జరుగుచుండెను. కరెంటు వచ్చినది, శంఖము పూరించినది, వీపున తడిగుడ్డ చల్లగా ఉన్నది. రామాంజులు కన్నులు మూసికొని తనలో తాను ఇట్లు వితర్కించెను: "హా! ఒకవైపు సత్యము, మరియొకవైపు నిద్ర. ఆకాశమున ఎత్తు తప్పు చెప్పినవాడు పైలటు కాడు, నేలమీద అబద్ధము మోయువాడు మగవాడు కాడు. తల్లిని మోసగింపవచ్చునా? అమ్మవారిని మోసగింపవచ్చునా? లేచెదను! నిజము చాటెదను! అయితే నేను అబద్ధమాడినది ఎక్కడ? నన్ను ఎవరును అడుగనే లేదు గదా. అడుగని ప్రశ్నకు..."

సాహితి చెవి దగ్గరకు వంగెను. "నిజం చెప్తారా? చెప్తే ఇప్పుడే చెప్పాల."

ధర్మసంకటమున వీరుడు తీర్పు చెప్పకమునుపే గుర్రు చెప్పెను. ఆమె దీపపుబుగ్గ ఆర్పి, తలుపు దగ్గరగా వేసి, గుమ్మములో కూర్చుండి, ఎన్నాళ్ళకో విన్న ఆ గుర్రును పాటకచ్చేరివలె వినెను.

అతడు నిద్రించెను! ఎండ నెత్తికెక్కుచుండగా నిద్రించెను. కాకులు పిట్టగోడమీద తగవులాడుచుండగా నిద్రించెను. గాంధీరోడ్డు దుకాణములలో బేరములు సాగుచుండగా, బస్సులు మైదుకూరు, బద్వేలు అని కేకలు వేయుచుండగా, పులివెందుల పులి గడపలో కాపుండగా, కలలేక, మెలకువలేక, ప్రక్కకు ఒత్తిగిలుటయునులేక నిద్రించెను. సందెదీపము పెట్టువేళకు తనంతట తానే కన్ను విప్పి, తాను ఎక్కడ ఉన్నదియు క్షణకాలము తెలియక, పసివానివలె పైకప్పును చూచి నవ్వెను. మరుసటి పగలును అట్లే గడచెను.

అయినను కథ సుఖాంతమునకు నడచుచుండగా పార్వతమ్మ అడ్డుపడకున్న అది పార్వతమ్మ ఉన్న కథయే కాదు. పరీక్షకు బెంగళూరు బస్సెక్కవలసిన పొద్దున ఆమె కుర్చీలోనుండి కదలలేదు.

"తొమ్మిది దినాలు గడప దాటకూడదు. తల్లితో ఆటలా?"

నిద్ర గెలిచి పరీక్ష తప్పినచో ఆ గెలుపు దేనికి? సాహితి అత్తవైపు చూచెను. రాజేశ్వరమ్మ తొట్టెలో వేపాకును పసుపును కలిపిన నీళ్ళు అంతకు మునుపే సిద్ధము చేసియుండెను. కొడుకును పెరట పీటమీద కూర్చుండబెట్టి, చెంబెడు చెంబెడు తలమీదనుండి పోసి, తుడిచి, వీపు వెలుతురువైపు తిప్పెను. పగళ్ళు నిద్రపోయి, చల్లని గుడ్డలో ఉన్న ఆ వీపుమీద ఎర్రచుక్క ఒక్కటియు మిగులలేదు.

"చూడు వదినా. తల్లి చల్లబడింది."

పార్వతమ్మ వ్రేలితో రుద్ది చూచెను. "ఇంత బిన్నేనా? తొమ్మిది దినాలు కాకముందేనా?"

"చల్లని తల్లి. పిల్లోనికి పనుండాదని ఆమెకు తెల్దా?"

వదిన మరదలి ముఖమును, మరదలు వదిన ముఖమును కొంతసేపు చూచుకొనిరి. ఆ చూపులో ఏమేమి నడచెనో కథకుడనైన నాకును అందలేదు. చివరకు పార్వతమ్మ లేచి కుర్చీ ప్రక్కకు జరిపెను. "జాగర్త పోయి రాపో. బస్సులో బజ్జీలు తినాకు" అనెను.

ఇక పరమసమరము. బెంగళూరు వైద్యశాలలో అదే గది, అదే బల్ల, అదే రబ్బరుపట్టీ. అది వీరుని దండచేతిని చుట్టుకొనెను. బుసకొట్టెను. బిగిసెను. రామాంజులు పులివెందుల చీనీకాయలను, పెరుగన్నమును, కూలరు గుయ్యిమను శబ్దమును తలచుకొని నెమ్మదిగా ఊపిరి విడిచెను. పట్టీ వదలిపోయెను. అంకె హద్దుకు క్రిందనే నిలిచెను. చాల క్రింద కాదు, తలుపుసందున వ్రేలు పట్టునంత. వైద్యుడు కండ్లద్దాల మీదనుండి చూచి, "బాగా నిద్రపోయినట్లున్నావే" అనెను. రామాంజులు తల ఊపెను.

వెలుపలికి వచ్చి తల్లికి ఫోను చేసెను. పాసైనానని చెప్పెను. ఆమె "మంచిది నాయనా" అనెను.

"అమ్మా, ఒక మాట చెప్పాల. అది అమ్మవారు కాదు. చెమటకాయలు."

"నాకు తెల్దా?" అని రాజేశ్వరమ్మ అనెను. "ఎండాకాలం వస్తే నీ వీపుకు పౌడరు పూసిందెవరురా, మీ నాయనా?"

రామాంజులు వైద్యశాల మెట్లమీద కూర్చుండిపోయెను.

"మరెందుకమ్మా చెప్పలేదు?"

"నీ కండ్లు చూస్తి. మనిషిని నేను ఆపలేను నాయనా, వచ్చినోళ్ళను పొమ్మనే నోరు నాకు ల్యాదు. అమ్మవారికయితే ఉండాది. ఆ తల్లికే చెప్పుకుంటి, అమ్మా, నీ పేరు కొన్ని దినాలు వాడుకుంటాండా, నా పిల్లోడు నిద్రపోవాల అని. ఇప్పుడు పెరుగన్నం తీసుకోని గుడికే పోతాండా. కోపం రాదులే. ఆమె కూడా బిడ్డల తల్లే గదా."

ఆ మాటకు రామాంజులు ఏడ్చెను. వీరులు ఏడ్వరాదని ఎవడన్నాడో వానికి తల్లి లేదు కాబోలు.

కావున పుణ్యాత్ములారా, చాటుడు, దండోరా వేయుడు! జమ్మలమడుగు చేపలను, పులివెందుల ఓళిగలను, కువైటు కంఠమును, కరెంటుకోతను, ఉల్లిగడ్డల మైకును ఏకకాలమున జయించి, ప్రొద్దుటూరు నడిబొడ్డున, నిండు వైశాఖమున, పట్టపగలు, ఒక మనిషి నిద్రపోయెను. నిద్రపోతాండావా అని ఎవరును లేపి అడుగలేదు.